ఎయిర్‌పోర్టు వస్తే రోడ్డు ఎవరిది? బండ్ల లెక్క మనమే రాయాలె

(సంఘం సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదిలాబాద్ పట్టణాన్ని ఆనుకొని నిజాం కాలం నాటి విమాన మైదానం ఉంది. 360 ఎకరాల పైచిలుకు ఆ భూమి వైమానిక దళం చేతిలో ఉంది. అక్కడ పౌర విమానాలు దిగడానికి 2025 ఏప్రిల్‌లో ఆ దళం అంగీకరించింది. ఉన్న స్థలం చాలదు కాబట్టి పక్క ఊర్ల చేన్లు కూడా కావాలంటున్నారు. పరిహారం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ రోడ్ల గురించి మాట్లాడుకుందాం.

ఇంత పెద్ద నిర్మాణం వస్తే రోజుకు ఎన్ని వాహనాలు పెరుగుతాయో ఇంజనీర్లు ముందే అంచనా వేస్తారు. ఏ రోడ్డు వెడల్పు చేయాలి, ఏ బాట మూయాలి, ఎక్కడ అండర్‌పాస్ పెట్టాలి అన్నవి ఆ అంచనా మీదనే తేలుతాయి. అందులో లేని బండికి రోడ్డు మీద కూడా చోటుండదు.

లెక్కకు కొలమానం కారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో గ్రామీణ రోడ్లకు ఇచ్చిన పట్టికలో కారు ఒకటి, మోటారు సైకిల్ అర, లారీ లేదా బస్సు మూడు, ట్రాలీ ఉన్న ట్రాక్టర్ నాలుగున్నర, ఎడ్లబండి ఎనిమిది. చిన్న ఎడ్లబండి అయితే ఆరు.

ఒక ఉదాహరణ చూద్దాం. 70 సీట్ల విమానం రోజుకు రెండుసార్లు వచ్చిపోతుందనుకోండి. అన్నీ నిండితే దిగేవాళ్లు 140, ఎక్కేవాళ్లు 140, మొత్తం 280 మంది. కారుకు ఇద్దరు చొప్పున 140 కార్లు. ఒక్కో కారు వచ్చి, పోతుంది కాబట్టి 280 యూనిట్లు. అదే 100 పత్తి ట్రాక్టర్లు మార్కెట్ యార్డుకు పోయి వస్తే 200 సార్లు నాలుగున్నర, అంటే 900 యూనిట్లు. అంటే విమానం ఎక్కేవాళ్లతోనే రోడ్డు నిండదు. సిబ్బంది, సరుకు లారీలు, చుట్టూ లేచే వెంచర్లు, హోటళ్లు కలిస్తేనే భారం పెరుగుతుంది. అంచనాలో ఇవన్నీ ఉన్నాయా అని అడగాలి.

రెండో సంగతి, ఎప్పుడు లెక్కపెట్టారన్నది. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి వరుసగా ఏడు రోజులు, రాత్రింబగళ్లు లెక్కించాలని రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలే చెప్తున్నాయి. అందులో ఒకటి పంట కోసి అమ్ముకునే కాలంలో ఉండాలి. జూలైలో ఒక్క రోజు నిలబడి లెక్కపెడితే మన రోడ్డు ఖాళీగానే కనబడుతుంది. నవంబర్, డిసెంబర్‌లో యార్డు ముందర, జిన్నింగ్ మిల్లుల ముందర ట్రాక్టర్ల బారు ఎంత ఉంటదో మీకు చెప్పాల్సిన పనిలేదు. కరీంనగర్ మిత్రులకు వడ్ల కొనుగోలు కాలంలో ఇదే అనుభవం.

మూడోది ఇంకా ముఖ్యం. ప్రహరీ కడితే బండ్ల బాట తెగుతుంది. కిలోమీటరు దూరంలోని చేనుకు ఐదు కిలోమీటర్లు తిరిగిపోవాలనుకోండి. 40 ట్రాక్టర్లు రోజుకు ఒక్కసారి పోయి వస్తే 320 కిలోమీటర్లు అదనం. ఈ డీజిల్ రైతు జేబులోంచే పోతుంది. కొత్తగా పుట్టిన వాహనాలు కావు కాబట్టి ఇవి అంచనాలో కనబడవు.

చట్టంలో దారి ఉంది. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 4 ప్రకారం సామాజిక ప్రభావ అధ్యయనంలో రోడ్లు, పశువుల నీటి వనరులు, మేత భూములు కూడా చూడాలి. అయితే రాష్ట్ర సవరణ తర్వాత కొన్ని రకాల ప్రాజెక్టులను దీన్నుంచి మినహాయించే వీలుంది. మనకు మినహాయించారా లేదా అని రాతపూర్వకంగా అడగండి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, అక్కడ ఊరి లెక్క కాగితం మీద ఇవ్వండి.

అందుకు ఊరికొక నోటుబుక్కు చాలు. పత్తి తీసే కాలంలో ఏడు రోజులు, వంతులవారీగా ఇద్దరిద్దరు కూర్చోండి. ఎడ్లబండి, ట్రాక్టర్, లారీ, మోటారు సైకిల్, కారు వేర్వేరుగా, గంట గంటకు గీతలు పెట్టండి. తెగిపోయే బాటలను గ్రామ నక్షా మీద గుర్తించండి. గ్రామసభలో తీర్మానం చేసి, కలెక్టరేట్‌లో ఇచ్చి, రసీదు తీసుకోండి.

విమానం రావొద్దని మనం అనడం లేదు. రన్‌వే గీత గీసే ముందు మన బాట గీత కూడా ఆ నక్షాలో ఉండాలంటున్నాం.