వేసవి సెలవులలో పిల్లల చదువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమును గూర్చి మాటలాడువారు సాధారణముగా బీరువాల లెక్కయు, పుస్తకముల లెక్కయు, దాతల పేరులును చెప్పి ముగింతురు. అవి చెప్పవలసినవే. కాని ఇక్కడ చూడవలసిన లెక్క మరియొకటి యున్నది. ఆంధ్రప్రదేశమున పాఠశాలలు ఏప్రిలు చివరి వారమున మూతపడి జూను 12వ తేదీని తెరచుకొనుట పరిపాటి. నడుమ సుమారు 49 దినములు, అనగా ఏడు వారములు. ఆ ఏడు వారములలో మూడవ తరగతి పిల్లవాడు చదువు పుటలెన్ని? పుస్తకమే లేని యిండ్లలో ఈ లెక్కకు జమ సున్న.

"సెలవులు ఆడుకొనుటకు గదా, అప్పుడును చదువేనా?" అని పెద్దలనుటయు కలదు. ఆట మానుమని ఎవరును చెప్పరు. అయితే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల ఎండ సామాన్యమైనది కాదు. మే నెలలో 44, 45 డిగ్రీల వేడి ఈ సీమకు కొత్త గాదు. ప్రొద్దు పది గంటలు దాటినది మొదలు సాయంకాలము వఱకు పిల్లలు ఇంటి నీడనో, వేపచెట్టు క్రిందనో ఉండవలసినదే. ఆ వేళలో ఆటయు లేదు, పాటయు లేదు, సెల్‌ఫోను మాత్రమున్నది. పుస్తకము ఆటల కాలమును అపహరింపదు. ఎండ వలన ఊరక పోవుచున్న కాలములో ఒక అరగంటను మాత్రమే అది కోరుచున్నది.

మరపు ఎట్లు కలుగునో ఒకింత విచారింపవలెను. తెలుగు లిపిలో అక్షరములు వచ్చినంతమాత్రమున చదువు వచ్చినట్లు కాదు. గుణింతము రావలెను, ఒత్తులు రావలెను. "రాష్ట్రము", "శాస్త్రము", "స్వాతంత్ర్యము" వంటి మాటలు కంటబడగానే పిల్లవాడు నిలిచిపోవును. మార్చి నాటికి కూడబలుకుకొని చదువగలిగినవాడు, ఏడు వారములు అక్షరము మొగము చూడకున్నచో, మొదట కోల్పోవునది ఈ సంయుక్తాక్షరములనే. అక్షరమక్షరముగా తడవుకొనుచు వాక్యము చివరకు వచ్చునప్పటికి, వాక్యము మొదట నేమున్నదో వానికి జ్ఞాపకముండదు. అర్థము తెలియని చదువు మీద ఏ పసివానికి ప్రీతి కలుగును? జూనులో ఉపాధ్యాయుడు క్రొత్త పాఠము మొదలు పెట్టును. వాడు పాత పాఠముకడనే యుండును. తరగతి ముందుకు నడచును, వాడు నడువడు. అట్లు రెండు మూడు వేసవులు గడచినచో వాడు బడికి పోవుచునే చదువుకు దూరమగును.

ఇది ఊహ మాత్రము కాదు. కోవిడు మహమ్మారి వలన పాఠశాలలు మూతబడిన పిమ్మట, 2021 సంవత్సరారంభమున అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయమువారు ఐదు రాష్ట్రములలో 16,067 మంది ప్రభుత్వ పాఠశాలల పిల్లలను పరీక్షింపజేసిరి. అంతకు ముందటి యేడు తమకు వచ్చియున్న భాషాసామర్థ్యములలో ఏదో ఒకదానినైన నూటికి 92 మంది కోల్పోయినట్లు తేలినది. ఆ ఐదింట ఆంధ్రప్రదేశము లేదు. అది వేసవి సెలవు కంటె మిక్కిలి దీర్ఘమైన విరామమనుటయు నిజమే. కాని పసితనమున వచ్చిన విద్య వాడుక లేనిచో నిలువదనుటకు అంతకంటె పెద్ద సాక్ష్యమేల?

నివారణోపాయమును గూర్చి అమెరికాలో జరిగిన పని ఒకటి చెప్పుకొనదగినది. ఆలింగ్టన్, మెక్‌గిల్-ఫ్రాంజెన్ అను విద్యావేత్తలు ఫ్లోరిడా రాష్ట్రమున బీదపిల్లలకు వేసవి రాగానే తలకు 12 పుస్తకముల చొప్పున ఇప్పించిరి. మూడు వేసవులు అట్లే చేసిరి. పాఠము చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు. పుస్తకములను మాత్రము పిల్లలే ఏరుకొనిరి. పుస్తకములు పొందని పిల్లలకంటె వీరు చదువులో మెరుగైరని 2010లో వెల్లడించిరి. ఇందు గమనింపవలసినది పండ్రెండను సంఖ్య కాదు, ఏరుకొనుట. పెద్దలు "ఇది మంచిది, చదువు" అని ఒళ్లో పడవేసిన పుస్తకము పిల్లవానికి మందువలె తోచును. తాను బొమ్మ చూచి పట్టుకొనినది మామిడిపండువలె తోచును.

అట్లని పెద్దల పని లేకపోలేదు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అందలి కథలు చక్కనివి, శైలి పసివాండ్రకు ఇనుప గుగ్గిళ్లు. అట్టి పుస్తకములను పెద్దలు చదివి కథగా చెప్పవలెను. పిల్లలు తమంతట చదువుకొనుటకు తెనాలి రామలింగని కథలున్నవి, పరమానందయ్య శిష్యులున్నారు. 1947లో పుట్టిన చందమామ ఇపుడు అచ్చగుట లేదు గాని, పాత సంచికలు ఏ యింటి అటుకమీదనో ఇంకను ఉండును. వానిని దింపి దులిపి గ్రంథాలయమున కిచ్చినవారు పుణ్యాత్ములు.

ఈ సీమ పిల్లలకు మరియొక భాగ్యమున్నది. పింగళి సూరన కళాపూర్ణోదయమును అంకితమందినది నంద్యాల కృష్ణరాజు. తుంబురుని సంగీతమునకు అసూయపడి నారదుడంతటివాడు మరల శిష్యుడై, శ్రీకృష్ణుని పత్నుల యిండ్లలో పాట నేర్చుకొనిన కథ అందున్నది. ఈ ఒక్క కథను వేపచెట్టు క్రింద చెప్పి చూడుడు, "తరువాత?" అని అడుగని పిల్లవాడుండడు. ఊరి పేరు కావ్యములో నున్నదని తెలిసిన పిల్లవానికి ఆ కావ్యము పరాయిది కాదు. ఆళ్లగడ్డవైపు పిల్లలకు అహోబిలము పెరటిలోని కొండ. ఉగ్రస్తంభమును వ్రేలితో చూపగలరు. ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణము ఆ క్షేత్రమును కీర్తించినదే. ప్రహ్లాదుని కథ పోతన భాగవతమున సప్తమ స్కంధములో నున్నది. కొండ చూచివచ్చిన మరునాడే ఆ కథను తేలికమాటల పుస్తకములో పిల్లవాని చేతికిచ్చినచో వాడు దానిని చదువుట కాదు, మరల కొండ నెక్కును. ఇక ఆళ్లగడ్డ శిల్పుల యిండ్లలో చూడుడు: పిల్లవాడు ఉలి శబ్దము నడుమ పెరుగును. చేతిపని దినదినము చేసిన గాని రాదని వానికి వేరుగా బోధింపనక్కరలేదు. చదువును అట్టిదేయని తండ్రి చెప్పినచో చాలును.

ఇప్పుడు కొంత కటువైన మాట. పుస్తకములు లేకపోవుటచేత కంటె, ఉన్నవి బీరువాలో భద్రముగా నుండుటచేత పిల్లలకు ఎక్కువ నష్టము కలుగుచున్నది. "పిల్లలు చింపుదురు, నూనె మరకలు చేయుదురు, పోగొట్టుదురు" అను భయము ఊరూర నున్నది. భయము నిరాధారము కాదు, చింపుదురు. కాని లెక్క తెలిసినవారెవరైనను ఒక మాట ఒప్పుకొందురు. నలువది మంది చదివి చినిగిన పుస్తకమును ఖర్చు క్రింద వ్రాసికొనవచ్చును. ఇరువదేండ్లు ఎవరును తాకక చెదలు తినిన పుస్తకమును ఏ పద్దు క్రింద వ్రాయవలెను? 1960 నాటి పౌరగ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు చెల్లుచున్నది. వేయి రూపాయల పన్ను కట్టు యిల్లు 80 రూపాయలు కట్టుచున్నది. శాఖా గ్రంథాలయముల పుస్తకములు ఆ యింటి పిల్లలకు దయతో ఇచ్చునవి కావు. వేసవిలో ప్రభుత్వ గ్రంథాలయములందు జరుగు విజ్ఞాన శిబిరములకును పిల్లలను పంపవలెను. నంద్యాలకు పోవుటకు బస్సు ఛార్జీ లేనివారికై ఈ యూరి గ్రంథాలయమే తలుపులు తెరవవలెను.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పటినుండియు ఈ ఉద్యమమున పనిచేసినవారు పాఠకుడు వచ్చునని ఎదురుచూచి కూర్చుండలేదు. కర్నూలున 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయమును వయోజన విద్యను జంటగా మోసి ఊరూర తిరిగిరి. 1935లో గుంటూరు మండలమున పాతూరి నాగభూషణము పూనికతో పుస్తకములు పడవ నెక్కి కాలువ వెంబడి పల్లెలకు పోయెను. కర్నూలు-కడప కాలువయు మొదట సేద్యముతోపాటు పడవల రాకపోకలకై త్రవ్వబడినదే. వేసవిలో అందు నీరుండదు గనుక పడవ మాట విడువవచ్చును. సైకిలు వెనుక కట్టిన ఒక పెట్టె చాలును. ఉదయము ఏడు గంటలకు పై వీథి, దళితవాడ, చేల దాపుననున్న గుడిసెలు తిరిగి రావచ్చును. తల్లిదండ్రులు కూలికి పోగా చంటిబిడ్డను చూచుకొనుచు ఇంటనే యుండు ఆడపిల్లలు గ్రంథాలయమునకు రాలేరు. పెట్టె ముందుగా వారి గడప యొద్దనే ఆగవలెను.

తల్లికి చదువు రాదను విచారము వలదు. "చదివి వినిపింపుము" అని కూర్చుండి వినినచో చాలును. తప్పు దిద్దుట కంటె వినువారుండుటయే పిల్లవానికి బలము. దినమునకు నాలుగు పుటల చొప్పున 49 దినములలో 196 పుటలగును; అనగా చిన్న కథల పుస్తకములు ఆరో ఏడో.

ఏర్పాటు కష్టమైనది కాదు. పాఠశాల మూయు దినముననే తలకు రెండు పుస్తకములు, పిల్లలు ఏరుకొనినవి, ఇయ్యవలెను. ప్రతి ఆదివారము మార్చుకొనవలెను. ధరావతు వలదు, జరిమానా వలదు. పిల్లల పద్దుకు వేరుగా ఒక రిజిస్టరు తెరవవలెను. అందు పెద్దల సంతకమక్కరలేదు; పుస్తకము తీసికొనిపోవు పిల్లయే పేరు వ్రాయవలెను. తన పేరులోని ఒత్తు మరచినవారు ప్రక్కవారి నడిగి వ్రాయుదురు గాక.