సెప్టెంబరు ఎంతో దూరం లేదు

పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు. ఈ ఉక్కలో గౌను ఎప్పుడు విప్పుదామా అని మీరు చూస్తున్నారని తెలుసు. అందుకే దేశభవిష్యత్తు, యువశక్తి లాంటి వాటి జోలికి పోను. పైచదువుకు దరఖాస్తు పెట్టడం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

డిగ్రీ అయ్యాక పీజీ సంగతి చూద్దాంలే అన్న అలవాటు మనలో పాతుకుపోయింది. దానికి కారణమూ ఉంది. మన రాష్ట్రాల పీజీ ప్రవేశ పరీక్షలు సీపీగెట్, ఏపీపీజీసెట్ డిగ్రీ అయ్యేవరకూ ఆగుతాయి కాబట్టి అన్నీ అలాగే ఆగుతాయనుకుంటాం. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది. దానికి దరఖాస్తు అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరుల్లో పెట్టాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీజీకి సీయూఈటీ రాయాలి, అది మార్చి ప్రాంతంలోనే అయిపోతుంది. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే పీహెచ్‌డీలకు చాలాచోట్ల ముందు ఏడాది డిసెంబరుతోనే గడువు ముగుస్తుంది. అంటే ఆఖరి సంవత్సరం మొదట్లోనే కదలాలి. ఇప్పుడు జూలై. మీలో కొందరికి ఈ ఏడు దాటిపోయింది, వచ్చే ఏడు దాటలేదు. అమ్మానాన్నలకు ఒక మనవి. పిల్లలు ఒక ఏడాది ఆగి చదువుకుంటామంటే చుట్టాలు ఏమంటారోనని హడావిడిగా దొరికిన కోర్సులో చేర్పించకండి. చుట్టాలు ఎలాగూ ఏదో ఒకటి అంటారు.

గడువు దాటిపోవడం పెద్దవాళ్లకూ తప్పలేదు. గణాంకశాస్త్రం చదివినవాళ్లకు సి.ఆర్. రావు గారి పేరు చెప్పక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, అక్కడే పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టారు. ఆలస్యంగా వచ్చిందని తోసిపుచ్చారు. సైన్యంలో గణితం తెలిసినవాళ్లకు ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. కానీ అక్కడ పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెబితే, వెళ్లి చూసి, దరఖాస్తు ఇచ్చి, 1941లో చేరారు. ఇవాళ ప్రపంచమంతా క్రామర్–రావు పేరుతో చదువుకునే ఫలితం 1945లో అచ్చయింది. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇది విని గడువు దాటిపోతేనే మేలు జరుగుతుందనుకునేరు! నాకు ఇందులో నచ్చింది, కొత్తగా పరిచయమైన మనిషి మాట పట్టుకుని ఆయన అక్కడికి వెళ్లి చూడటం. మనవాళ్లు తాము చేరాలనుకున్నచోట చదువుతున్న సీనియర్‌ను ఒక్క మాట అడగరు, నేరుగా కన్సల్టెన్సీ మెట్లెక్కుతారు.

డబ్బు విషయంలోనూ ఇదే తంతు, అడిగి తెలుసుకోం. విదేశీ చదువు అనగానే మన ఇళ్లలో బ్యాంకు లోను, పొలం కాగితాలు గుర్తొస్తాయి. ఎమ్మెస్‌కు చాలామటుకు అది నిజమే. పీహెచ్‌డీ అలా కాదు. సైన్సుల్లో పీహెచ్‌డీకి తీసుకుంటే అమెరికా యూనివర్సిటీలు సాధారణంగా ఫీజు మాఫీ చేసి, బతకడానికి స్టైపెండ్ కూడా ఇస్తాయి. అయితే మన మూడేళ్ల డిగ్రీ అక్కడ అన్నిచోట్లా చెల్లదు, పదహారేళ్ల చదువు అడిగేవి చాలా ఉన్నాయి. అందుకని ముందు ఇక్కడ ఎమ్మెస్సీ చేస్తే చిన్నతనమేమీ లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీ అయితే బీఎస్సీ వాళ్లను జామ్ స్కోరు మీద ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలోకే తీసుకుంటుంది. మన దేశంలో పరిశోధన ఫెలోషిప్పు జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలిస్తున్నారు. అప్పు చేయకుండా చదివే దారులివి.

ఇక అసలు సంగతి, సిఫార్సు లేఖ. నేను అడ్మిషన్ల కమిటీలో కూర్చున్నప్పుడు ఒకసారి రెండు వేర్వేరు కాలేజీల నుంచి, ఇద్దరు ప్రొఫెసర్లు సంతకాలు పెట్టిన లేఖలు వచ్చాయి. రెండింట్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే మ్యాటరు. ఒకదాంట్లో అయితే అమ్మాయి గురించి మొదలుపెట్టి నాలుగో లైనుకల్లా అబ్బాయిని చేసేశారు! డబ్బిచ్చి రాయించుకున్నవి అలాగే ఉంటాయి. అదే కట్టలో ఒక చిన్న ఊరి లెక్చరర్ రాసిన లేఖ ఉంది. ఇంగ్లీషు అంతంతమాత్రమే. కానీ ఏం రాశారంటే, టైట్రేషన్‌లో రీడింగు తేడా వస్తే ఈ పిల్లవాడు పక్కవాడి రికార్డు చూసి దిద్దుకోలేదట, బ్యూరెట్ కడిగి మళ్లీ మొదటి నుంచి చేశాడట, ఊరికి ఆఖరి బస్సు పోయినా. ఆ అబ్బాయిని తీసుకోవడానికి మేం పెద్దగా చర్చించుకోలేదు.

ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెబుతూ మీరు రాసుకునే ఎస్‌ఓపీ కూడా అంతే. చిన్నప్పటి నుంచీ సైన్సంటే నాకు ప్రాణం అని మొదలైన కాగితం మీద కళ్లు నిలవవు. ప్రాజెక్టులో మీరు ఎక్కడ ఆగిపోయారు, అప్పుడేం చేశారు, ఇంకా ఏం తేలలేదు, ఆ తేలనిదాని మీద ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు పనిచేస్తున్నారు, ఇవి రాయండి. రెండు పేజీలకు సరిపోకపోతే ఒక పేజీయే పంపండి.

మీ గురించి ఆ చిన్న ఊరి లెక్చరర్ రాసినలాంటి సిఫార్సు లేఖ రాయగలిగినవాళ్లంతా ఇవాళ ఇదే హాల్లో ఉన్నారు. రేపటి నుంచి ఒకరు బదిలీ మీద వెళ్లొచ్చు, ఒకరు వాల్యుయేషన్‌కు పోవచ్చు. వెళ్లి అడగండి. మార్కుల మెమో జిరాక్సు, వాళ్ల ల్యాబులో మీరు చేసిన పని గురించి సొంతంగా రాసిన ఒక పేజీ రేపే ఇస్తామని చెప్పండి, ఫోన్ నంబరు తీసుకోండి. భోజనాల్లోపే అడగండి. తర్వాత మా లెక్చరర్లు ఎవరికీ దొరకరు.