ఆవిరి గొట్టం శుభ్రత

ఎస్‌ప్రెస్సో మిషన్‌లో చాలామంది మరిచిపోయేది పాలు కాచే ఆవిరి గొట్టాన్ని. నా దృష్టిలో కాఫీ కొట్టు శుభ్రత తెలిసేది అక్కడే. ఆవిరి కట్టేయగానే గొట్టంలో మిగిలింది చల్లబడి నీరవుతుంది, లోపల పీడనం పడిపోతుంది. కొన ఇంకా పాలలోనే ఉంటే గొట్టం ఆ పాలను పైకి పీల్చుకుంటుంది. అవి లోపలే ఎండి రంధ్రాలను మూసేస్తాయి, సూక్ష్మజీవులకు చోటిస్తాయి.

అందుకే పాలగిన్నె తీసిన వెంటనే తడిగుడ్డతో గొట్టం తుడిచి, రెండు క్షణాలు ఆవిరి వదలండి. చెయ్యి కాలుతుంది, జాగ్రత్త! ఆ గుడ్డను మరి దేనికీ వాడకండి. రాత్రి మిషన్ చల్లారాక కొన విప్పి, వేడినీళ్లలో నానబెట్టి, సన్నని సూదితో రంధ్రాలు శుభ్రం చేయండి. ఇక మిషన్‌లో కఠినమైన బోరునీళ్లు పోస్తే బాయిలర్‌లో సున్నం పేరుకుని ఆవిరి బలం తగ్గుతుంది. వడపోసి మెత్తబరిచిన నీళ్లే పోయండి.