మనోవైద్య శిష్యులకు ఔషధబోధ



మనసునకు వచ్చు రోగమును గాలియనియు గ్రహచారమనియు చెప్పి దాచుట మన యిండ్లలో వాడుకయై యున్నది. పిల్లలకు సంబంధములు తప్పునను భయ మొకటి, గనిలో కొలువు పోవునను భయ మింకొకటి. ఈ భయముల నడుమ ఔషధ మిచ్చుటకు నేర్చుకొను వైద్యునకు ఏమి బోధింపవలెనో విన్నవించుకొందుము.

సర్పగంధ వేరు ఉన్మాదమును, రక్తపు పోటును తగ్గించునని 1931లో గణనాథసేన్, కార్తిక్ చంద్ర బోసు గారలు ప్రకటించిరి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియము గుణమును వెల్లడించెను. 1952లో పారిసునందు క్లోర్‌ప్రోమజైను మనోవ్యాధులకు వాడబడెను. అటుపిమ్మట ఏండ్లతరబడి ఆసుపత్రి గోడల నడుమ నుండవలసిన వా రనేకులు ఇల్లు చేరగలిగిరి.

మనోవైద్యమున ఎం.డి. పట్టమునకు మూడేండ్ల శిక్షణ. మందుల పేళ్లు, మోతాదులు గ్రంథములవలన తెలియును; మందు మ్రింగువాని జీవితము గ్రంథములలో లేదు. గోదావరిఖని కార్మికుని తలచుడు. లిథియమున మేలు చేయు మోతాదునకును, హాని చేయు మోతాదునకును ఎడము స్వల్పము. అందుచే రక్తపరీక్ష తప్పదు. వేసవిలో చెమటోడ్చి నీరు చాలినంత త్రాగకున్నను, ఒంటినొప్పులకు ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వేసికొన్నను రక్తమున లిథియము పెరిగి విషము కావచ్చును. చేతులు మిక్కిలి వణకుట, వాంతులు, తూలుట దాని గురుతులు. రాత్రి షిఫ్టునకు పోవువానికి ‘రాత్రి పడుకొనుటకు ముందు’ అని చీటిపై వ్రాసిన నేమి ప్రయోజనము? మత్తు కలిగించు మందు వేసికొని ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడపిన నెవరి ప్రాణమునకు పూచీ? కావున చీటి వ్రాయుటకు ముందు ‘ఏ పని? ఏ షిఫ్టు?’ అని యడుగుట శిష్యునకు నేర్పవలెను.

దిగులు తగ్గించు మందుల గుణము కనబడుటకు సాధారణముగా రెండు మొదలు నాలుగు వారములు పట్టును. కడుపులో వికారము మొదలగు బాధలు ముందే రావచ్చును. ఈ మాట చెప్పని వైద్యుని మందు పది దినములలో మూలబడును. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము చికిత్సను గూర్చియు, దాని దుష్ఫలితములను గూర్చియు తెలిసికొను హక్కును రోగి కొసగినది. ఇంటివాడుక తెలుగున చెప్పినప్పుడే ఆ హక్కు సఫలము.

2022లో రామగుండమున ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. గనుల చెంతనే వైద్యవిద్య నడచుట మన భాగ్యము. అచ్చటి విద్యార్థులకు గనికార్మికుని దినచర్యయే తొలిపాఠము కావలెనని మా మనవి.

ఇక మన ధర్మ మేమి? రోగిని దాచక తీసికొనిపోవుట, వాడుచున్న మందులన్నియు చూపుట, కొంత నెమ్మది కలుగగానే వైద్యుని యడుగక మందు మానకుండుట. శిష్యు డడుగ నేర్చినను మనము దాచితిమేని ఆ విద్య వ్యర్థము. ఈ యొక్క మాటను సభాసదులు తమతమ యిండ్లకు గొనిపోదురుగాక యని కోరి, సెలవు గైకొనుచున్నాము.