పది రాగములు – ఒక యంత్రము



యంత్రవాద్యమునకు రాగమేమి యని పెద్దలు పెదవి విరుచుట కలదు. 1982లో బొంబాయి చలనచిత్ర వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ పది హిందూస్థానీ రాగములను సింథసైజరుపై వాయించి రికార్డుగా వెలువరించెను. అందలి భూపాలి తెలుగువారి మోహనము, మాల్కౌంస్ హిందోళము. తాళము రోలాండ్ కంపెనీవారి యంత్రముది. నాడు దానిని కొన్నవారు స్వల్పులు.

2002లో డచ్చి సేకర్త యొకడు ఢిల్లీ అంగడిలో ఆ రికార్డును కనుగొనెను. 2010లో అది మరల వెలువడగా అభిమానులలో వాదము చెలరేగెను. 1987లో చికాగోకు చెందిన ఫ్యూచర్ బృందము వెలువరించిన 'యాసిడ్' బాణీకి సింగే ఆద్యుడని కొందరనిరి. చికాగోవారు దీనిని విన్న ఆధారము లేదు, ఒకే యంత్రము ఇరువురికిని ఒకే నాదము నిచ్చినదని మరికొందరనిరి.

రెండవ మాటయే న్యాయము. ముందు నడచుట వేరు, బాట వేయుట వేరు. చికాగో నల్లజాతి యువకుల కృషిని తగ్గించి భారతీయునకు కీర్తి కూర్ప నక్కరలేదు. ఆయన కీర్తి ఆయనకు చాలును. డెబ్బది దాటిన పిదప ఆయన ఐరోపా వేదికలపై ఆ రాగములనే వాయించి, 2015లో కీర్తిశేషుడయ్యెను.

"ఇది వినుము" అని ఒక రసికుడు మరియొకనికి చెప్పిన మాటయే ఆ విద్వాంసునకు దక్కిన సన్మానము. ఇంటనున్న పాత రికార్డులను పారవేయుటకు ముందు ఒక్కసారి వినుట మేలు.