మూపుమీది క్రొవ్వు



నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగును, సంస్కృతమును జెప్పి, ఇప్పుడు రామతీర్థమున విశ్రాంతిగా కాలము గడుపుచున్న యుపాధ్యాయుడను. అట్టి నాకు, వీపుమీది క్రొవ్వును గొట్టముతో పీల్చివేయు శస్త్రచికిత్సను గూర్చి మాటలాడవలసిన పని యేల కలిగెనో ముందు మనవి చేసెదను.

మొన్నటి మాఘమాసమున నొకనాటి సాయంకాలము నా పూర్వశిష్యు డొకడు నెల్లిమర్ల నుండి వచ్చి మా యరుగుమీద కూర్చుండెను. అతనికి ఇరువదినాలుగేండ్ల కూతురు కలదు. విశాఖపట్టణమున నుద్యోగము. పెండ్లి కుదిరినది, ముహూర్తము మూడు వారములలో నున్నది. రవిక తొడిగినచో మూపునొద్దను, చంకల వెనుకను క్రొవ్వు మడతలు పడుచున్నవని యా పిల్ల బెంగ. పట్టణములో నొక సౌందర్యశాలవారు “ఉదయం రండి, సాయంత్రం ఇంటికి వెళ్లిపోవచ్చు” అని చెప్పిరట. కొంత సొమ్ము ముందుగా కట్టించుకొనిరి కూడ.

“మాస్టారూ, మీ దగ్గర చదువుకున్నవాణ్ణి. ఇది ప్రమాదమా, కాదా? ఒక్కమాటలో చెప్పండి” అని యతడడిగెను. ఒక్కమాటలో నుత్తరము నాకు దొరకలేదు. “రేపు నేనును వచ్చెదను, పెద్దయాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ వైద్యు నడుగుదము” అంటిని. ఆ వైద్యుని నోట విన్నదియు, పిదప నేను చదివి తెలిసికొన్నదియు నేడు మీ ముందుంచుచున్నాను.

మేదస్సు మన పూర్వులకు తెలియని వస్తువు గాదు. చరకుడు నిందితులైన యెనమండుగురిలో నతిస్థూలు నొకనినిగా జెప్పెను. సుశ్రుతుడు మేదోగ్రంథులను వర్ణించి, వానిని కోసి తీయు విధమును జెప్పెను. ఆయనయే శరీరమున 107 మర్మములను లెక్కించి, అందు 14 వీపున నున్నవనెను. వానిలో అంసఫలకము వీపుఱెక్క యొద్దనున్నది. అచట దెబ్బ తగిలినచో చేయి తిమ్మిరెక్కి శుష్కించునని యాయన మాట. నేటి శస్త్రవైద్యుడు మర్మమనడు, నరమనును, నాళమనును, ఊపిరితిత్తి యనును. వీపు చూచుటకు పలకవలె నున్నను, దాని లోపల నేమున్నదో తెలియక చేయి పెట్టరాదన్న జాగ్రత్త యిరువురకును సమానమే.

క్రొవ్వును పీల్చు నీ పద్ధతికి లైపోసక్షన్ అని పేరు. దీని చరిత్రలో మొదట నొక కాలు పోయినది. 1920 దశకమున పారిస్ నగరమున దుజారియే యను వైద్యుడు ఒక నర్తకి కాలిక్రొవ్వును గోకి తీయబోయి రక్తనాళమును గాయపఱచెను. తుదకు కాలు తీసివేయవలసి వచ్చెను. ఆ పిమ్మట చాలకాల మా దారి త్రొక్కువారు లేకపోయిరి. 1970 దశకమున ఇటలీలో ఫిషర్ అను తండ్రికొడుకులు గొట్టముతో పీల్చుట నారంభించిరి. 1977లో పారిస్ లోనే, వీపుమీద క్రొవ్వుకంతి గల యొక యువతి, పెద్దమచ్చ పడకుండ దానిని తీయుమని ఇల్లూజ్ అను వైద్యుని కోరినది. ఆయన మొనలేని మొద్దుగొట్టమును చిన్న గాటు గుండ దూర్చి ఆ క్రొవ్వును పీల్చివేసెను. కాబట్టి వీపునకు ఈ చికిత్స క్రొత్తగా వచ్చినది గాదు.

నేడు చేయు విధమిది. అమెరికాలో క్లైన్ అను చర్మవైద్యుడు 1987లో ప్రకటించిన మార్గము ననుసరించి, ఉప్పునీటిలో లిడోకైన్ అను తిమ్మిరిమందును, రక్తనాళములను ముడుచుకొనజేయు అడ్రినలిన్ ను కలిపి చర్మము క్రింద నింపుదురు. క్రొవ్వు ఉబ్బి మెత్తబడును, రక్తము స్వల్పముగా బోవును. అటుపై గొట్టముతో పీల్చుదురు. ఇందువలన మేలు గొప్పది. కాని ఆ లిడోకైన్ మితిమీఱినచో గుండెను, మెదడును దెబ్బతీయును. రోగి బరువును దూచి, కిలో యొక్కింటికి ఇంత యని లెక్కగట్టి మాత్రమే వాడవలెను. క్లైన్ చెప్పిన హద్దు కిలోకు 35 మిల్లీగ్రాములు. బరువు చూడకయే పని మొదలుపెట్టు చోటునుండి లేచి వచ్చుట మంచిది.

ఇక మూపు సంగతి. పొట్టమీది క్రొవ్వు వెన్నవంటిది. వీపు పైభాగపు క్రొవ్వు పనసకాయలోని పీచువలె గట్టి పోగులతో నల్లుకొనియుండును. పైచర్మమును మందము. గొట్టమును బలముగా నాడింపక తప్పదు. ఆ బలము దారి తప్పినచో, ప్రక్కటెముకల నడుమ నుండి మొన లోనికిబోయి ఊపిరితిత్తి పొరను చీల్చవచ్చును. అప్పుడు ఱొమ్ములో గాలి చేరి శ్వాస యాడదు. ఇది అరుదు. నేర్చిన వైద్యుడు గొట్టమును ప్రక్కటెముకలకు సమాంతరముగా నుంచుచు, రెండవచేతితో చర్మము పైనుండి దాని మొనను సదా కనిపెట్టుచుండును. మఱియొక చిక్కు: రోగిని బోర్లపరుండబెట్టవలెను. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు ఆ భంగిమలో ఊపిరిగొట్టము కదలకుండ చూచుటకు మత్తువైద్యుడు వేఱుగా, ఆద్యంతము, రోగి తలయొద్దనే యుండవలెను. శస్త్రము చేయువాడే మత్తును గూడ చూచుకొనును అన్న మాట వినబడినచో సందేహింపుడు.

ఎంత తీయుదురన్నదియు ముఖ్యమే. ఒక్కసారికి మొత్తము 5 లీటర్లు దాటినచో రాత్రి యాసుపత్రిలోనే యుంచి కనిపెట్టవలెనని అమెరికా ప్లాస్టిక్ సర్జనుల సంఘము సలహా. మూపుమీదినుండి తీయునది అందులో స్వల్పభాగము. అందువలన మూపొక్కటే చేయించుకొన్నవారికి అపాయము తక్కువ. వచ్చినవా రెటులో వచ్చిరి గదా యని మూపుతోపాటు పొట్ట, తొడలు, చేతులు ఒక్కపూటలో ముగింతుమన్నప్పుడే లెక్క మాఱును.

ప్రాణాపాయ మెంతయని యడుగుదురు. 1994 మొదలు 1998 వఱకు అమెరికాలో జరిగిన చికిత్సలపై ప్లాస్టిక్ సర్జనుల నడిగి కూర్చిన లెక్క యొకటి 2000లో వెలువడినది. 4,96,245 చికిత్సలకు 95 మరణములు, అనగా అయిదువేలకు ఇంచుమించు నొకటి. ఆ మరణముల కారణములలో మొదటిది, కాలిసిరలలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు బోయి అడ్డుపడుట. గొట్టము చేసిన గాయముకంటె అది పెద్ద శత్రువు. అందుకే చికిత్సానంతరము త్వరగా లేచి నడువుమందురు. ఊపిరి యాడకున్నను, ఱొమ్ము నొప్పి పుట్టినను, పిక్క వాచినను, మాట తడబడినను, ఒంటిపై ఎఱ్ఱని చుక్కలు పొడమినను, పొద్దుపోయినదని యాగక యాసుపత్రికి చేర్పవలెను.

మన తెలుగుచిత్రములలో పేరుపొందిన ఆర్తీ అగర్వాల్ మీలో చాలమందికి తెలియును. “నువ్వు నాకు నచ్చావ్” అను 2001 నాటి చిత్రమున నాయిక. ఆమె 2015 జూన్ 6న అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున 31వ యేట మరణించెను. కొన్ని వారములకు ముందు క్రొవ్వు తీయించుకొన్నదనియు, ఊపిరి యిబ్బందితో బాధపడుచుండెననియు నాటి పత్రికలు వ్రాసినవి. ఆ మరణమునకు ఆ చికిత్సయే కారణమని తీర్పు చెప్పుట నా పని గాదు. నేను చెప్పునది ఇంతే: సాయంకాలమునకు ఇంటికి వచ్చుటతో ఈ చికిత్స ముగియదు, వారములు గడచువఱకు కనిపెట్టి యుండవలెను.

ఇక అసలు సంగతికి వచ్చెదను. ఇవన్నియు చెప్పుటకు ముందే ఆ వైద్యుడు పిల్ల నడిగిన మొదటి ప్రశ్న వేఱు. “అమ్మా, నొప్పులకో, ఆయాసానికో ఏమైనా మాత్రలు వాడుతున్నావా?” అనెను. ఆ ప్రశ్న వినగానే నాకు మా యక్కగారు జ్ఞప్తికి వచ్చిరి.

ఆమెకు కీళ్లనొప్పులు. దగ్గరి యూరిలో నొక వైద్యుడిచ్చిన చిన్న తెల్లమాత్రలతో మూడు దినములలో నొప్పి మాయమాయెను. రెండేండ్లు వాడెను. ముఖము పూర్ణచంద్రునివలె గుండ్రమాయెను, మెడ వెనుక ఆబోతు మూపురమువలె క్రొవ్వు లేచెను. కాళ్లుచేతులు మాత్రము సన్నబడెను. “అక్కకు ఒళ్లు వచ్చింది” అని మేమందఱము సంతోషించితిమి. నేను గూడ! మధుమేహము వచ్చి, చిన్నగా జాఱిపడినంతనే తుంటియెముక విఱిగిన పిమ్మట, పెద్దయాసుపత్రిలో అవి స్టీరాయిడ్ మాత్రలని చెప్పిరి. ఒక్కమాఱుగా మానినచో ప్రాణాపాయమని, నెలల తరబడి కొంచెము కొంచెముగా తగ్గించి మాన్పించిరి. అప్పుడు ఆ మూపురమును పీల్చివేసియుండినచో ఏమగును? చూపునకు చదునగును, రోగము లోపలనే యుండును. మన గ్రామములలో మూపుమీద క్రొవ్వు లేచినవారిలో నిట్టివారు లేకపోలేదు. వారి మాత్రలపెట్టెను ముందుగా చూడవలెను.

ఆ పిల్ల యే మాత్రయు వాడుట లేదు. రక్తపరీక్షలును బాగున్నవి. “చేయవచ్చును, తీయవలసినది లీటరుకంటె తక్కువే. కాని వాపు, కమిలిన మచ్చలు తగ్గుటకు వారములు పట్టును. నెల, నెలన్నర బిగువు వస్త్రము కట్టుకొనియుండవలెను. మూడు వారములలో పెండ్లిపీటలమీద కూర్చుండునప్పుడు నీవు కోరిన వీపు నీకు రాదు” అని వైద్యుడు చెప్పెను. పిల్ల కన్నీరు పెట్టుకొనెను. ఆయన చిన్నబుచ్చలేదు, తొందరపెట్టలేదు. ఆయన గోడమీది పత్రములో ఎం.సి.హెచ్. ప్లాస్టిక్ సర్జరీ యని, వైద్యమండలి నమోదు సంఖ్యతో సహా వ్రాసియుండుట నేను చదివితిని. సౌందర్యశాలలో నట్టి పత్రమేదియు చూడలేదని పిల్లయే తరువాత చెప్పినది. కట్టిన సొమ్ములో సగము తిరిగి వచ్చెను.

ఫాల్గుణమున పెండ్లి జరిగినది. దర్జీ రవికను మెడవఱకు మూసి కుట్టెను. భోజనముల యొద్ద ఆ పిల్ల నా ప్రక్కకు వచ్చి, “తాతగారూ, దసరా తరువాత చేయించుకుంటాను, ఆ డాక్టరుగారి దగ్గరే. మా ఆయన ఒప్పుకున్నారు” అనెను. తేది నిశ్చయమైనప్పుడు నాకు కబురు చేయుమనియు, ఆ రాత్రి యాసుపత్రిలో మీ నాన్నతోపాటు నేనును బల్లమీద కూర్చుండెదననియు చెప్పితిని.