కోళ్ల ఫారం కూలీని ఎవరు పరీక్షిస్తారు?

కోళ్లు, పశువులు, పందుల ఫారాల్లో రోజూ పనిచేసేవారి పేగుల్లోకి యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా చేరే అవకాశం ఎక్కువ. దానివల్ల వారికి జ్వరం రాదు, కడుపు నొప్పి పుట్టదు, పనీ ఆగదు. పేగుల్లో సహజంగా ఉండే ఈ.కోలై వంటి సూక్ష్మజీవులే మొండికేస్తాయి గనుక పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఎప్పుడో అదే బ్యాక్టీరియా మూత్రనాళానికో, ఆపరేషన్ గాయానికో, రక్తానికో పాకి, డాక్టరు రాసిన మందు పనిచేయనప్పుడు సంగతి బయటపడుతుంది.

వైద్యం, పశువైద్యం, ఫార్మసీ, మైక్రోబయాలజీ చదివి నేడు నాంపల్లిలో పట్టాలు అందుకుంటున్నవారికీ, వారిని ఇంతదాకా తెచ్చిన తల్లిదండ్రులకూ, గురువులకూ అభినందనలు. స్నాతకోత్సవ వేదికల మీద ఎన్నడూ ప్రస్తావనకు రాని ఆ కూలీ గురించే ఈ ప్రసంగం.

ఫారాల్లోకి యాంటీబయాటిక్‌లు వచ్చిన చరిత్ర మొదట్లోనే ఒక తెలుగు పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనలకు డైరెక్టర్‌గా ఉన్నారు. ఆయన నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ రాబట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆ మందు 1948లో లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపి చూశారు. కోడిపిల్లలు త్వరగా బరువెక్కాయి. ఈ ఫలితం 1950లో ప్రకటితమైంది, 1951లో అమెరికా ప్రభుత్వం మేతలో యాంటీబయాటిక్‌లకు అనుమతి ఇచ్చింది. రోగి ప్రాణం నిలపడానికి పుట్టిన మందు, జబ్బు లేని కోడికి బరువు పెంచే దినుసైంది. సుబ్బారావు జీవితం నుంచి పట్టుదల నేర్చుకోమని విద్యార్థులకు అందరూ చెబుతారు. ఆయన తరం కనిపెట్టిన మందులను వృథా పోనీయకుండా కాపాడటం కూడా ఆ నేర్చుకోవడంలో భాగమే.

మేతలోని మందు మనిషి పేగును ఎలా మారుస్తుందో 1976లో స్టూవర్ట్ లెవీ బృందం చూపింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక ఫారంలో కోళ్ల మేతలో ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపారు. వారం తిరక్కుండానే ఆ కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు అంతా ఆ మందుకు లొంగకుండా పోయింది. ఐదారు నెలలకు మార్పు మనుషుల్లో కనిపించింది. ఫారంలో నివసించేవారి నుంచి వారం వారం తీసిన మల నమూనాల్లో 31.3 శాతంలో, బ్యాక్టీరియాలో 80 శాతానికి పైగా మందుకు లొంగనిదే. పొరుగువారి నమూనాల్లో అలాంటివి 6.8 శాతమే. మందు కలిపింది కోళ్ల మేతలో, మారింది మనుషుల పేగు.

ఇది జరిగే తీరు సులువైనదే. తక్కువ మోతాదులో ఎక్కువ రోజులు మందు తగిలితే బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది పెరుగుతుంది. ఆ తట్టుకునే గుణం చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటుంది. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని మరో జాతికి అందించగలదు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులను ఎదిరించే జన్యువులు ఉండవచ్చు కనుక, టెట్రాసైక్లిన్ ఒక్కటే వాడిన చోట కూడా ఇతర మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగగలదు. కిడ్నీలకు హాని చేస్తుందని వైద్యులు పక్కనబెట్టి, మరే మందూ పనిచేయనప్పుడు మళ్లీ చేపట్టిన కొలిస్టిన్‌కు కూడా ఇదే గతి పట్టింది. దాన్ని ఎదిరించే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందనీ, పందుల్లోనూ రోగుల్లోనూ దొరికిందనీ చైనా శాస్త్రవేత్తలు 2015లో వెల్లడించారు. భారత ప్రభుత్వం 2019 జులైలో పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో కొలిస్టిన్‌ను నిషేధించింది.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు ముచ్చట కాదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 10.8 కోట్లు, తెలంగాణలో సుమారు 8 కోట్ల కోళ్లున్నాయి. దేశంలోని ప్రతి ఐదు కోళ్లలో ఒకటికి పైగా ఇక్కడివే. పంజాబ్‌లోని 18 ఫారాల్లో జరిగి 2017లో అచ్చయిన అధ్యయనం, బ్రాయిలర్ ఫారాల ఈ.కోలైలో 87 శాతం, లేయర్ ఫారాల్లో 42 శాతం ఈఎస్‌బీఎల్ ఎంజైమును తయారుచేస్తున్నాయని తేల్చింది. సెఫలోస్పోరిన్‌లనే యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైము అది.

ఒక బ్రాయిలర్ షెడ్డులో పొద్దున్నే జరిగే పని చూస్తే బ్యాక్టీరియా దారి అర్థమవుతుంది. కూలీ ముందుగా చచ్చిన కోళ్లను ఏరి బకెట్‌లో వేస్తాడు. డ్రింకర్లు కడుగుతాడు. మందు పొడి పొట్లం చించి నీళ్ల ట్యాంకులో కలుపుతాడు. రెట్టతో గట్టిపడిన ఊకను తిరగేస్తుంటే లేచే దుమ్ము ముక్కులోకి, నోట్లోకి పోతుంది. షెడ్డు పక్క గదిలోనే భార్యాపిల్లలతో కాపురం. సబ్బు లేకపోతే అదే చేత్తో అన్నం.

అబిడ్స్, నాంపల్లి హోటళ్లలో వండే కోడి మాంసంలోని బ్యాక్టీరియా పొయ్యి మీద బాగా ఉడికితే చస్తుంది. తినేవారికి మంటే రక్ష. కూలీకి ఆ రక్ష లేదు. చట్టం కూడా తినేవారినే తలచుకుంది. మాంసంలో, గుడ్లలో, పాలలో మందు అవశేషం ఎంత మించకూడదో ఆహార భద్రతా నియమాలు చెబుతాయి. కోయడానికి ముందు కొన్ని రోజులు మందు ఆపితే అవశేషం తగ్గుతుంది. షెడ్డులో అప్పటికే పెరిగిన మొండి బ్యాక్టీరియా మాత్రం అలా పోదు. కోడికి పరీక్ష ఉంది, గుడ్డుకు పరీక్ష ఉంది. కూలీకి లేదు. ఇది అన్యాయం.

అన్ని మొండి బ్యాక్టీరియాలూ కోళ్ల నుంచే వస్తాయనడం సరికాదు. చీటీ లేకుండా కొనే మాత్రలు, ఆసుపత్రులు, మురుగునీరు కూడా దారులే. కొన్ని యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదనీ, అమ్మకాన్ని రిజిస్టరులో రాయాలనీ చెప్పే హెచ్1 షెడ్యూలు 2014 నుంచి అమల్లో ఉంది. పరీక్షలో ప్లాస్మిడ్ నిర్వచనం తప్పు లేకుండా రాసినవారే, జలుబు చేసిన స్నేహితుడికి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు చేతిలో పెట్టడం ఇవాళ్టితో మానాలి. పట్టా చేతికొచ్చాక ఆ అలవాటు క్షమించదగినది కాదు.

మొండి బ్యాక్టీరియా ఎవరి పేగులో మొదలైనా, దెబ్బ ఎక్కువగా తగిలేది బలం లేనివారికి. నాంపల్లిని ఆనుకున్న రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. అలాంటి చోట్లకు వచ్చే నెలలు నిండని పసికందులు, కీమోథెరపీతో తెల్లరక్తకణాలు తగ్గినవారు పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరితే తట్టుకోలేరు. వారిని నిలబెట్టేది పనిచేసే యాంటీబయాటిక్ ఒక్కటే.

దారి మూసుకుపోలేదు. లెవీ అధ్యయనంలోనే మందు మేత ఆపాక కొన్ని నెలలకు ఫారంవారి పేగుల్లో మొండి బ్యాక్టీరియా తగ్గింది. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి బరువు కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని పూర్తిగా నిషేధించింది. నెదర్లాండ్స్ 2009 తర్వాత కొద్ది ఏళ్లలోనే పశువులకు వాడే యాంటీబయాటిక్‌లను సగానికి పైగా తగ్గించింది. ఇక్కడ చేయగలిగినవీ తెలిసినవే. కోడిపిల్లలకు వేళకు టీకాలు, పొడి ఊక, బ్యాచికీ బ్యాచికీ మధ్య షెడ్డు ఖాళీగా ఉంచడం, పశువైద్యుడు పరీక్షించాకే మందు. కూలీకి సబ్బు, నీళ్లు, మరుగుదొడ్డి, షెడ్డులోనే విడిచిపెట్టే చెప్పులూ బట్టలూ, మందు కలిపేటప్పుడు మాస్కు, గ్లౌజులు.

రోగిని వృత్తి ఏమిటని అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు. పట్టభద్రులకు చివరి విన్నపం అదే. ఆసుపత్రిలో, ల్యాబ్‌లో, మందుల షాపులో, పశువుల దవాఖానాలో ఎక్కడ కూర్చున్నా ఎదురుగా నిలిచిన మనిషిని "ఏం పని చేస్తారు?" అని అడగండి. కోళ్ల ఫారంలో అని జవాబొస్తే కల్చర్ పరీక్ష చేయించి, ఆ తర్వాతే మందు నిర్ణయించండి. ఆ వివరాన్ని కేసు షీటులో రాయండి. రాస్తేనే ఆ కూలీ లెక్కలోకి వస్తాడు.